రాత్రి పదిన్నరకి వచ్చే "అర్జెంట్"

మా ఇంట్లో రాత్రి పదిన్నర దాటాక నా ఫోన్ మోగితే, మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే "గుంటూరులో తెల్లారినట్టుంది" అంటారు. ఎగతాళిగా మొదలైన మాట అది. అందులో ఎంత నిజం ఉందో నాకు అర్థం కావడానికి ఏడాది పైనే పట్టింది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. నేను మొబైల్ నోటరీని. జనం నా దగ్గరికి రారు. ముద్ర, రిజిస్టరు, నాలుగు నీలం పెన్నులు బ్యాగులో వేసుకుని నేనే వాళ్ళ ఇంటికో, ఆఫీసుకో, ఆస్పత్రికో వెళ్తాను.

2021లో హెచ్‌4 ఈఏడీ, అంటే హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి, చేతికొచ్చేసరికి మా పాపకి నాలుగేళ్ళు. రోజంతా కూర్చునే ఉద్యోగం కుదిరే పరిస్థితి కాదు. టెక్సస్‌లో నోటరీ అవ్వాలంటే లాయరు కానక్కర్లేదు, అమెరికా పౌరసత్వం కూడా అడగరు. పద్దెనిమిదేళ్ళు నిండి, ఇక్కడ నివాసం ఉండి, పెద్ద నేరాలేవీ మన పేరు మీద లేకపోతే అప్పట్లో సరిపోయేది. పదివేల డాలర్ల బాండు తీసుకుని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. కమిషన్, అంటే నోటరీగా పనిచేసే అనుమతి, నాలుగేళ్ళకి ఇస్తారు. మధ్యలో ఐదు కోణాల నక్షత్రం ఉన్న ముద్ర పార్సిల్లో వచ్చిన రోజు, దాన్ని తన డ్రాయింగ్ పుస్తకం మీద వేసుకుంటానని మా పాప ఒకటే ఏడుపు.

మన దగ్గర నోటరీ అంటే కోర్టు బయట బల్ల వేసుకుని కూర్చునే ప్లీడరు గారు. అందుకే ఇక్కడ కూడా మనవాళ్ళు నన్ను సగం లాయరనుకుంటారు. "జీపీఏ డ్రాఫ్టు కూడా మీరే రాసిపెట్టండి మేడం", "ఇది స్పెషలా, జనరలా, ఏది పెడితే మంచిది?" అని అడుగుతారు. జీపీఏ అంటే మన తరఫున ఇంకొకరు ఆస్తి వ్యవహారాలు చూసేలా రాసిచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ. నేను రాయకూడదు, చెప్పకూడదు. ఎదురుగా ఉన్న మనిషి తాను చెప్పుకునే మనిషేనా, విషయం తెలిసి, ఇష్టపడి సంతకం పెడుతున్నారా అని చూడటం వరకే నా పని. తెలుగులో ప్రకటన వేసుకుంటే, నేను లాయర్ని కాను, న్యాయ సలహా ఇవ్వను, అందుకు డబ్బు తీసుకోను అనే మాట ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పెట్టాలని ఇక్కడి చట్టం. నా వాట్సాప్ ప్రొఫైల్లో అది పెట్టాను. ఎవరూ చదవరు, అది వేరే సంగతి.

మొదటి ఏడాది ఏ ఫోనుకీ కాదనలేదు. కొత్త పని, నలుగురికీ పేరు తెలియాలి కదా. ఆ ఏడాది చలికాలంలో ఒకరోజు రాత్రి పదకొండుకి ఒకాయన ఫోన్ చేశారు. "అక్కా, చాలా అర్జెంట్. ఊళ్ళో స్థలం బేరం కుదిరింది. తమ్ముడి పేరు మీద జీపీఏ ఇవ్వాలి. ఇప్పుడే కావాలి." వాళ్ళ ఇల్లు సెలైనాలో. అప్పటికి అక్కడ సగం రోడ్లకి లైట్లు కూడా లేవు. బయట సన్నగా మంచు వాన. ముప్పై ఐదు నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్ళాను.

పాపం, కాఫీ ఇచ్చారు, మిక్స్చర్ పెట్టారు. కాగితం చేతికిస్తే చూద్దును కదా, ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో సర్వే నంబరు దగ్గర ఖాళీ, విస్తీర్ణం దగ్గర ఖాళీ, ఉత్తరం హద్దు దగ్గర చుక్కలు. ఇదేంటండీ అంటే, "అది తమ్ముడు ఎమ్మార్వో ఆఫీసులో కనుక్కుని చెప్తాడక్కా. ముందు మీరు ముద్ర వేసెయ్యండి, తరవాత నింపుకుంటాం" అన్నారు. ఖాళీలున్న కాగితం మీద వేయను అన్నాను. తమ్ముడికి వీడియో కాల్ చేశారు. ఆ అబ్బాయి ఎండలో నిలబడి, వెనక ఆటోల హారన్ల మధ్య, "వేసెయ్యండి మేడం, ఏం కాదు" అంటాడు. వేయలేదు. ముద్ర వేయలేదు కాబట్టి డబ్బు అడగడానికి నోరు రాలేదు. టోల్ డబ్బులు కూడా నావే. ఇంటికొచ్చేసరికి ఒంటి గంట.

ఆ జీపీఏ చివరికి పన్నెండు రోజుల తరవాత, ఒక శనివారం మధ్యాహ్నం పూర్తయింది. అందులో "ఇప్పుడే కావాలి" అన్న రాత్రి ఎక్కడ కలిసిందో మీరే చెప్పండి.

అప్పట్నుంచి లెక్క చూడటం మొదలుపెట్టాను. ఎలాగూ రిజిస్టరు రాస్తాను కాబట్టి, ఫోన్ ఎన్ని గంటలకి వచ్చింది, దేనికోసం అని పక్కన వేరే నోటుబుక్కులో రాసుకున్నాను. రాత్రి పది తరవాత వచ్చే వాటిలో చాలా భాగం ఇండియాలో వాడే కాగితాలే. కారణం సింపుల్. చలికాలంలో మాకూ అక్కడికీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి పదకొండంటే అక్కడ పొద్దున పదిన్నర. ఆఫీసులు తెరిచి, డాక్యుమెంట్ రైటరు కుర్చీలో కూర్చుని, "మీ అన్నయ్యది పవరాఫ్ అటార్నీ ఏదీ?" అని అడిగే వేళ. అక్కడ తమ్ముడికి అది పొద్దుటి తొందర. ఆ తొందర ఫోన్లోంచి దిగి ఇక్కడ అన్నయ్య పడకగదిలోకి, అక్కణ్ణుంచి నా వంటింట్లోకి వస్తుంది.

కానీ ఆ కాగితం వెళ్ళాల్సిన దారి చూడండి. టెక్సస్‌లో నేను ముద్ర వేశాక, ఇండియాలో చెల్లాలంటే చాలామంది ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ, వేయిస్తారు. కాగితానికి పదిహేను డాలర్లు. కొందరు హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా చేయిస్తారు. తరవాత కొరియర్. అక్కడ చేరాక మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి అడ్జుడికేషన్, అంటే ఎంత డ్యూటీ పడుతుందో ఆఫీసు తేల్చే పని, చేయించుకోవాలి. ఇంత దారిలో నా ముద్ర మొదటి మెట్టు. నేను రాత్రి పదకొండున్నరకి వేసినా, పొద్దున ఎనిమిదికి వేసినా, ఆస్టిన్ ఆఫీసు తెరిచేది దాని టైముకే. కొరియర్ షాపు తెరిచేది కూడా అంతే. రాత్రి ముద్ర వేస్తే ఆ కాగితం పొద్దున దాకా వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద పడుకుంటుంది. నేను కూడా ఆ టైములో మా ఇంట్లో పడుకుంటే వచ్చే నష్టమేమీ లేదు.

దీంతో నాకు ఒక ప్రశ్న దొరికింది. "అర్జెంటా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఇప్పుడు "సంతకం అయ్యాక ఈ కాగితాన్ని ఎవరి చేతిలో పెడతారు, ఎన్ని గంటలకి?" అని అడుగుతాను. సగం మంది అక్కడే ఆగిపోతారు. "ఎవరికంటే... రేపు ఫెడెక్స్‌లో వేస్తానండీ" అంటారు. అయితే రేపు పొద్దున వస్తాను. "ఫ్లైట్ తెల్లారి ఆరింటికి" అంటే మాత్రం చెప్పులు వేసుకుంటాను.

ఇక డబ్బు. ఇది చెప్పకుండా ఊరుకుంటే నిజం చెప్పినట్టు కాదు. నేను మొదలుపెట్టినప్పుడు చట్టం ప్రకారం మొదటి సంతకానికి ఆరు డాలర్లకి మించి తీసుకోకూడదు. 2023 సెప్టెంబరు నుంచి అది పది అయింది, అదే కాగితంలో తరవాతి ఒక్కో సంతకానికి ఒక డాలరు. దీని మీద ఎవరూ బతకలేరు. మొబైల్ నోటరీకి గిట్టేది ప్రయాణ ఖర్చు. దానికి చట్టం పరిమితి పెట్టలేదు, కానీ ముందే చెప్పి ఒప్పించాలి, ముద్ర రుసుముతో కలపకుండా విడిగా చూపించాలి. నేను పగలు పదిహేను మైళ్ళ లోపు నలభై తీసుకుంటాను. రాత్రి తొమ్మిది దాటితే డెబ్భై ఐదు.

"యూపీఎస్ స్టోర్లో పది డాలర్లేనట కదండీ?" అవును, అక్కడ పదే. చాలా బ్యాంకుల్లో ఖాతా ఉన్నవాళ్ళకి ఉచితం కూడా. ఆ మాట నేనే చెప్తాను. రేపు పగలు వెళ్ళగలిగితే అక్కడికే వెళ్ళమంటాను. మొదట్లో ఇలా చెప్పడానికి భయపడేదాన్ని, బేరం పోతుందని. నిజానికి పోయేది బేరం కాదు, నిద్ర పాడుచేసే బేరం. డెబ్భై ఐదు అనగానే "అయితే రేపు బ్యాంకులోనే చేయించుకుంటాలెండి" అన్నారంటే, ఆ పని అర్జెంట్ కాదని వాళ్ళే తేల్చేసినట్టు. మనవాళ్ళ దగ్గర ఇంకో చిక్కు ఉంది. "మీరూ మనవాళ్ళే కదా అక్కా" అని మొదలుపెడితే డబ్బు మాట ఎత్తడానికి నాలుక మడతపడుతుంది. మాది కృష్ణా జిల్లా అని తెలిస్తే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఇప్పుడు నోటితో చెప్పను. ఎంత అవుతుందో, ఏమేం తెచ్చుకోవాలో మెసేజ్ పంపి, బ్యాంకు ఖాతాకి ఫోన్లోంచే డబ్బు పంపే జెల్ (Zelle)లో ప్రయాణ ఖర్చు పడ్డాకే కారు తీస్తాను. రాసి పంపితే మొహమాటం ఉండదు, ఇద్దరికీ.

ఆ మెసేజ్‌లో ముఖ్యమైన లైను ఫొటో ఐడీ గురించి. రాత్రిపూట పనుల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకి టెక్సస్ ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సు వీసా గడువుతో ముడిపడి ఉంటుంది. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉండగానే లైసెన్సు గడువు అయిపోతుంది. ఉద్యోగం చేసుకుంటూనే ఉంటారు, కార్డు మీద తేదీ మాత్రం దాటిపోయి ఉంటుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తారు. టెక్సస్ చట్టంలో అక్నాలెడ్జ్‌మెంట్‌కి, అంటే ఈ సంతకం నాదేనని నోటరీ ముందు ఒప్పుకోవడానికి, విదేశీ పాస్‌పోర్ట్ ఒక్క నివాస స్థిరాస్తి లావాదేవీల కాగితాలకే చెల్లుతుంది. మిగతా వాటికి అమెరికా ప్రభుత్వమో, ఇక్కడి ఏదో ఒక రాష్ట్రమో ఇచ్చిన, ఫొటో, సంతకం ఉన్న, గడువు దాటని కార్డు కావాలి.

ఒక జూన్ రాత్రి తొమ్మిదిన్నరకి ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ నుంచి ఫోన్. భార్య, ఆరేళ్ళ బాబు మర్నాడు మధ్యాహ్నం హైదరాబాద్ వెళ్తున్నారు. తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న టెన్షన్ వల్ల ఆయన వెళ్ళడం లేదు. పిల్లాడు ఒక్క తల్లితో దేశం దాటుతున్నాడు కాబట్టి తండ్రి ఒప్పుకున్నట్టు నోటరీ ఉత్తరం ఉంటే మంచిదని ఎవరో అప్పుడే గుర్తు చేశారట. మర్నాడు పొద్దుటి నుంచీ ఆయనకి ఆఫీసు. ఇది నిజంగా రాత్రి పనే. వెళ్ళాను. హాలు నిండా సూట్‌కేసులు. తూకం మిషను మీద ఒకటి, పక్కన పచ్చళ్ళకి బదులు ఈసారి బాదంపప్పు, చాక్లెట్ ప్యాకెట్లు. ఆయన లైసెన్సు తీసి ఇచ్చారు. ఏప్రిల్లోనే గడువు అయిపోయింది. ఆయన మొహం చూస్తే, ఆ తేదీ అప్పుడే చూసుకున్నట్టుంది.

దీనికి చట్టంలో ఒక దారి ఉంది, నమ్మదగిన సాక్షి. ఆ సాక్షి నాకు స్వయంగా తెలిసిన మనిషై ఉండాలి, సంతకం పెట్టే ఆయన కూడా ఆ సాక్షికి స్వయంగా తెలిసి ఉండాలి, ఈయన ఫలానా అని సాక్షి నా ముందు ప్రమాణం చేయాలి. రాత్రి పదింటికి మా ఇద్దరికీ తెలిసినవాళ్ళు ఎవరని వెతకడం మొదలైంది. ఆయన ఫోన్లో ఉన్న పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే నేను కాదు, కాదు అంటున్నాను. పెళ్ళిచూపుల్లో చుట్టరికాలు కలుపుకున్నట్టే ఉంది. చివరికి వాళ్ళ బాబుకి బాలవిహార్‌లో శ్లోకాలు నేర్పే ఆవిడ దొరికారు. మా పాపకి సంగీతం నేర్పేదీ ఆవిడే, నాకు నాలుగేళ్ళుగా తెలుసు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఆవిడ నైటీ మీద శాలువా కప్పుకుని, చేతికి ఇంకా దోసెల పిండి ఉండగానే వచ్చి, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశారు. "ఏమ్మా, ఇంత రాత్రి కోర్టా?" అని నవ్వారు. ఉత్తరం మీద ముద్ర పడేసరికి పదకొండు పది.

ఆ రోజు నుంచి పని ఒప్పుకునే ముందే లైసెన్సు గడువు తేదీ ఎంతో చూసి చెప్పమంటాను. కార్డు ఫొటో పంపుతామంటే వద్దంటాను. ఐడీ నంబరు నా రిజిస్టరులో రాయకూడదని నిబంధన, నా ఫోన్లో ఉండటమూ నాకిష్టం లేదు. తేదీ ఒక్కటి చాలు. ఈ ఒక్క ప్రశ్నతో నాకు ఎన్ని వృథా ప్రయాణాలు తప్పాయో లెక్కలేదు.

లోన్ సంతకాల పని కూడా కొన్నాళ్ళు చేశాను. ఇల్లు రీఫైనాన్స్ చేసేవాళ్ళ, అంటే పాత ఇంటి అప్పు తీర్చి కొత్తది తీసుకునేవాళ్ళ, ఇంటికి నూట నలభై పేజీల కట్ట పట్టుకెళ్ళి సంతకాలు చేయించి, స్కాన్ చేసి, ఆ రాత్రే పంపాలి. మధ్యలో ఉండే ఏజెన్సీలు రాత్రి ఎనిమిదికి పని ఇచ్చి, తొమ్మిదిన్నరకి ఫైలు పంపి, పదింటికి వాళ్ళింటి తలుపు కొట్టమంటాయి. డబ్బు నెలన్నరకి వస్తుంది. ఒకసారి ఇంటాయన ఫ్లైట్ ఆలస్యమై సంతకాలు మొదలయ్యేసరికి పదకొండు నలభై. చివరి పేజీకి వచ్చేసరికి పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలు. ఏజెన్సీ మనిషి ఫోన్లో, ఒప్పుకున్న వడ్డీ రేటు గడువు (లాక్) నిన్నటితో అయిపోయింది, మీరు నిన్నటి తేదీ వేసెయ్యండి, ఎనిమిది నిమిషాలే కదా అన్నాడు. పన్నెండు ముందు నా ఎదుట పెట్టిన సంతకాలకి ఆ తేదీ, తరవాత పెట్టిన వాటికి ఈ తేదీ వేశాను. వాళ్ళు మళ్ళీ నాకు పని ఇవ్వలేదు. అదీ మంచికే.

ఇంకో రకం ఉంది. హోమ్ ఈక్విటీ లోను, అంటే ఉన్న ఇంటి మీద అప్పు. "రాత్రి ఇంటికొచ్చి చేసెయ్యండి" అని అడుగుతారు. టెక్సస్ రాజ్యాంగం ప్రకారం అది అప్పిచ్చేవాళ్ళ ఆఫీసులోనో, లాయరు ఆఫీసులోనో, ఆస్తి హక్కులు సరిచూసే టైటిల్ కంపెనీలోనో తప్ప ముగించకూడదు. డైనింగ్ టేబుల్ మీద కుదరదు. ఆ ఫోను అరనిమిషంలో అయిపోతుంది.

అసలైన అర్జెంట్ అంటే ఏంటో నాకు తెలిసింది ఆస్పత్రుల్లోనే. ప్లేనోలో ఒక ఆస్పత్రి నుంచి రాత్రి తొమ్మిదింబావుకి ఒకతను చేశాడు. తెల్లవాళ్ళ కుటుంబం. తండ్రికి ఎనభై దాటాయి, పరిస్థితి బాగోలేదు. రెండు కాగితాలు. వైద్య నిర్ణయాలకి ఒకటి, బ్యాంకు, ఆస్తి వ్యవహారాలకి ఒకటి. వెళ్ళేసరికి పెద్దాయన మంచం మీద సగం కూర్చుని ఉన్నారు. కొడుకే మాట్లాడుతున్నాడు, ఆయన తల ఊపుతున్నారు. నాన్నగారితో ఒక్కదాన్నే రెండు నిమిషాలు మాట్లాడతాను అన్నాను. కొడుక్కి నచ్చలేదు, కానీ బయటికి వెళ్ళాడు. ఇవేం కాగితాలో చెప్తారా అని అడిగాను. ఆయన నన్ను చాలాసేపు చూసి, "ట్రక్కు అమ్మేశారా?" అన్నారు. కళ్ళు మూతలు పడుతున్నాయి. అంతకు గంట ముందే నొప్పికి మందిచ్చారని నర్సు చెప్పింది.

వేయలేనని కొడుక్కి చెప్పాను. చాలా మాటలన్నాడు. తండ్రి పోతే నీదే బాధ్యత అన్నాడు. ఆ మాట నాతో పాటు ఇంటిదాకా వచ్చింది, రాత్రంతా పక్కనే పడుకుంది. వచ్చేముందు నర్సుని అడిగాను, ఆయన తేటగా ఉండే వేళ ఏది అని. మళ్ళీ మందు ఇచ్చే ముందు, తెల్లారి ఆరున్నర ప్రాంతంలో అంది. ప్రయాణం డబ్బు రెండోసారి అడగను, ఆరున్నరకి వస్తాను అని కొడుక్కి మెసేజ్ పెట్టాను.

పొద్దున వెళ్ళేసరికి పెద్దాయన వేరే మనిషి. కళ్ళజోడు పెట్టుకున్నారు, ఓట్స్ తింటున్నారు. నా పేరు అడిగి, పలకలేక రెండుసార్లు ప్రయత్నించి, "ముద్రలమ్మాయి" అన్నట్టు ఏదో అని నవ్వారు. కాగితాలు రెండూ తీసుకుని తనే చదివారు. వైద్యం కాగితం మీద సంతకం పెట్టారు. బ్యాంకు కాగితం మడిచి దిండు కింద పెట్టి, "ఇది నా కూతురు వచ్చాక" అన్నారు. కొడుకు కిటికీ వైపు తిరిగాడు. నేను ఒక్క కాగితం మీద ముద్ర వేసి, రిజిస్టరులో రాసుకుని వచ్చేశాను. రాత్రే వేసి ఉంటే రెండూ అయిపోయేవి.

అందుకే ఆస్పత్రి పిలుపులకి నేను టైము చూడను. కానీ వెళ్ళే ముందు నర్సుతో మాట్లాడించమంటాను. ఈ మధ్య ఒక తెలుగు అబ్బాయి రాత్రి పూట పిలిచాడు. తెనాలి నుంచి వచ్చిన నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చారు, వైద్యం కాగితానికి నోటరీ కావాలి, చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్ ఒక్కటే. ఆ ఫారం మీదే రాసి ఉంటుంది, నోటరీ అయినా సరే, ఇద్దరు సాక్షులయినా సరే అని. సాక్షులుగా ఎవరు ఉండకూడదో కూడా అందులోనే ఉంటుంది. నేను సలహా ఇవ్వకూడదు కాబట్టి, "బాబూ, సంతకాల పేజీ ఒకసారి పూర్తిగా చదువు, ఆస్పత్రి సోషల్ వర్కర్‌ని అడుగు" అని మాత్రం అన్నాను. ఇరవై నిమిషాల తరవాత "థాంక్స్ అక్కా, మీరు రానక్కర్లేదు" అని మెసేజ్. నాకు ఆ రాత్రి డెబ్భై ఐదు డాలర్లు రాలేదు. ఆ అబ్బాయి తరవాత నలుగురికి నా నంబరిచ్చాడు.

రాత్రిళ్ళు ఒక్కదాన్నే తెలియని ఇళ్ళకి వెళ్ళడం గురించి అమ్మ ఫోన్లో ఎప్పుడూ కోప్పడుతుంది. ఆవిడ కోపంలో న్యాయముంది. ఇప్పుడు లొకేషన్ మా ఆయనకి షేర్ చేసి ఉంచుతాను. తొమ్మిది దాటాక కొత్తవాళ్ళయితే ఇంటికి వెళ్ళను. రాత్రంతా తెరిచి ఉండే వాటబర్గర్ అనే బర్గర్ల హోటల్లో వెలుతురున్న బల్ల దగ్గర కలుస్తాను. అక్కడ పనిచేసే అమ్మాయికి నేను అలవాటై, ముద్ర తీయగానే టిష్యూలు తెచ్చి బల్ల తుడుస్తుంది.

పనికి వేరే నంబరు పెట్టుకున్నాను. తొమ్మిది తరవాత అది మోగదు, తనంతట తానే జవాబిస్తుంది. తెలుగులో, ఇంగ్లీషులో: ఆస్పత్రి అయితే 1 అని, ఇరవై నాలుగు గంటల్లో ప్రయాణమైతే 2 అని పంపండి, మిగతావి పొద్దున ఏడింటికి చూస్తాను. మొదటి వారం అందరూ 1 పంపారు. ఒకాయన జీపీఏకి 1 పంపి, "మా మామయ్యగారు ఆస్పత్రిలోనే ఉన్నారండీ, విజయవాడలో" అన్నారు. ఇప్పుడు "డాలస్ చుట్టుపక్కల ఆస్పత్రి అయితే" అని మార్చాను.

నవంబరు వస్తే పెన్షన్ల గొడవ. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు బతికే ఉన్నామని ఇండియాకి కాగితం పంపాలి. ఈ ఫోన్లూ రాత్రే వచ్చేవి, బ్యాంకు మేనేజరు అక్కడ పొద్దునే అడుగుతాడు కాబట్టి. రెండేళ్ళుగా వీటికి రాత్రి తిరగడం మానేసి, ఆ నెల ఆదివారాలు పొద్దున మా గరాజ్‌లో నాలుగు కుర్చీలు, ఫ్లాస్కు నిండా కాఫీ పెడుతున్నాను. ఒకరికొకరు తెలిసినవాళ్ళు వస్తారు కాబట్టి సాక్షులకి కరువుండదు. అయితే "ఈయన జీవించి ఉన్నారని ధ్రువీకరిస్తున్నాను" అని రాసే అధికారం టెక్సస్ నోటరీకి లేదు. జీవించి ఉన్నానని ఆయనే ప్రమాణం చేస్తే, ఆ ప్రమాణానికి నేను ముద్ర వేయగలను. ఇది చెప్తే రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారొకరు, "బతికున్నానని నేనే ఒట్టెయ్యాలా తల్లీ? చూస్తే తెలీడం లేదా?" అన్నారు. ఒట్టేసి, కాఫీ బాగుందని రెండో కప్పు అడిగారు. చాలా బ్యాంకులు ఈ అఫిడవిట్ తీసుకున్నాయి. ఒకటి తిప్పి పంపింది, వాళ్ళు హ్యూస్టన్ వెళ్ళాల్సి వచ్చింది.

మొన్న మంగళవారం రాత్రి పది యాభైకి ఒక మెసేజ్. "అక్కా, జీపీఏ చాలా అర్జెంట్, ఇప్పుడు రాగలరా?" ఆటోమేటిక్ జవాబు వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను, చెయ్యి ఊరుకోక, "కాగితం పూర్తిగా నింపారా?" అని కూడా పెట్టాను. ఐదు నిమిషాలు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"లేదక్కా. తమ్ముడు సర్వే నంబరు ఇంకా పంపలేదు. పొద్దున ఎనిమిదికి ఓకేనా?"